ఒక్క రోజులో హైదరాబాద్ మ్యూజియంలు: కాళ్ళు పడిపోకుండా చూడటం ఎలా?

మా ఇంటికి చుట్టాలొస్తే మొదట బిర్యానీ ఎక్కడ బాగుంటుందని అడుగుతారు. ఆ తర్వాత అడిగేది సాలార్‌జంగ్ గురించి. "పొద్దున దిగి రాత్రి బండెక్కేస్తాం, ఈలోపు మ్యూజియంలన్నీ అయిపోతాయా?" అని ఫోన్లో ఇప్పటికి ఎంతమంది అడిగారో లెక్కలేదు. ప్రతిసారీ అదే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

అన్నీ కావు, రెండవుతాయి. పొద్దున పెద్దది ఒకటి, మధ్యాహ్నం చిన్నది ఒకటి. పెద్దది సాలార్‌జంగ్ మ్యూజియం. చిన్నది మీ ఇష్టం, కింద మూడు దారులు రాశాను.

"సాలార్‌జంగ్ మొత్తం చూసేస్తాం" అనేవాళ్ళు ఒక్కసారి లెక్క వేసుకోండి. అక్కడ దగ్గర దగ్గర నలభై గ్యాలరీలు ఉన్నాయి. గ్యాలరీకి పది నిమిషాలు వేసుకున్నా నాలుగు వందల నిమిషాలు, అంటే ఆరు గంటల నలభై నిమిషాలు. తెరిచేది పొద్దున పదింటికి, మూసేది సాయంత్రం ఐదింటికి. తిండి, నీళ్ళు, బాత్రూమ్, పిల్లాడి ఏడుపు ఏవీ లేకుండా పరుగెడితే ఇరవై నిమిషాలు మిగులుతాయి. అలా చూసొచ్చినవాళ్ళను "ఏం చూశారు?" అని అడిగితే "చాలా ఉన్నాయండీ, బోలెడు ఉన్నాయి" అంటారు. అంతకుమించి చెప్పలేరు.

వెంట ఉండాల్సినవి

- మెత్తటి చెప్పులో, బూట్లో. కొత్తవి వద్దు. గట్టి నేల మీద నాలుగైదు గంటలు నిలబడే పని ఇది.
- చిన్న సంచి. పెద్ద బ్యాగులు లోపలికి తీసుకెళ్ళనివ్వరు.
- నీళ్ళ సీసా, ఒక బిస్కెట్ ప్యాకెట్. తినేది గ్యాలరీలో కాదు, బయట వరండాలోనో చెట్టు కిందో.
- కాస్త నగదు. ఆటోకి, టీకి, క్లోక్‌రూమ్‌కి చిల్లర ఉంటే గొడవుండదు.
- ఆధార్ లాంటి గుర్తింపు కార్డు. విదేశాల్లో స్థిరపడి అక్కడి పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళు ఓసీఐ కార్డు తప్పకుండా పెట్టుకోండి. మ్యూజియం టికెట్ విషయంలో ఓసీఐ వాళ్ళకు మనవాళ్ళతో సమానంగా ధర వర్తిస్తుంది. కార్డు ఇంట్లో మర్చిపోతే కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు, విదేశీయుల టికెట్టే కొనాలి.
- ఒక కాగితం, పెన్ను. ఎందుకో రెండో మెట్టులో చెప్తాను.
- కళ్ళజోడు. దగ్గరి చూపు అద్దాలు ఇంట్లో వదిలేసి వచ్చి చిన్న చిత్రాల ముందు కళ్ళు చికిలించే పెద్దవాళ్ళను చాలామందిని చూశాను.

1. ముందు ఏ వారమో చూసుకోండి

శుక్రవారం వెళ్ళకండి. సాలార్‌జంగ్, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం, నాలుగూ శుక్రవారం మూసే ఉంటాయి. ఢిల్లీలో నేషనల్ మ్యూజియంకు సోమవారం సెలవు కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటారు చాలామంది. ఇక్కడి పద్ధతి వేరు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. ఒకసారి గుంటూరు నుంచి మా మేనత్త, మావయ్య, వాళ్ళ మనవలిద్దరు వచ్చారు. టిఫిన్లు కట్టుకుని, ఆటో మాట్లాడుకుని, తీరా గేటు ముందు దిగాక తెలిసింది శుక్రవారమని. మా అత్తయ్య ఏమీ అనలేదు. "ఇడ్లీలైనా తిందాం పదండి" అంది. మూసీ ఒడ్డున గోడ పక్కన నిలబడి తిన్నాం.

మంగళ, బుధ, గురువారాలు అన్నిటికన్నా నయం. ఆదివారం జనం కిక్కిరిసి ఉంటారు. నవంబర్ నుంచి జనవరి దాకా బడి పిల్లల బస్సులు వరసగా వస్తాయి. పిల్లలు రావడం మంచిదే గానీ రెండు వందల మంది ఒక్కసారిగా గ్యాలరీలోకి వస్తే మీకు కనిపించేవి తలకాయలే. పండగ సెలవులు, టికెట్ ధరలు, వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు రోజు మ్యూజియం సొంత వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి. టికెట్ కూడా అక్కడే కొనుక్కోవచ్చు.

2. ఇంట్లోనే చీటీ రాసుకోండి

అందరూ వదిలేసే మెట్టు ఇదే. రోజంతా దీని మీదే నిలబడి ఉంటుంది.

ముందు రోజు రాత్రి అరగంట కూర్చుని, చూడాలనుకున్న వస్తువులు పదంటే పదే కాగితం మీద రాయండి. గ్యాలరీల పేర్లు కాదు, వస్తువుల పేర్లు. సాలార్‌జంగ్ వస్తువులు కొన్ని గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో ఫొటోలతో ఉన్నాయి, ఫోన్లోనే చూడొచ్చు. ఇంట్లో నలుగురుంటే తలా రెండు మూడు ఎంచుకోమనండి. పిల్లలు కత్తులంటారు, ఆడపడుచు జేడ్ రాయి అంటుంది, మావగారు గడియారాలంటారు. ఎవరు ఎంచుకున్నది వాళ్ళే వెతికి మిగతావాళ్ళకు చూపించాలి. ఇలా చేస్తే "ఇంకెంతసేపు?" అనే ప్రశ్న సగానికి సగం తగ్గుతుంది.

ఏం రాయాలో తోచకపోతే నా చీటీ తీసుకోండి: ముసుగు రెబెక్కా, సంగీత గడియారం, రెండు ముఖాల చెక్కబొమ్మ, బిద్రీ హుక్కా కుండ, కలంకారీ గుడ్డ, దక్కనీ చిత్రం ఒకటి, రాజా రవివర్మ చిత్రం ఒకటి, నూర్జహాన్‌దని చెప్పే జేడ్ పిడి బాకు, దక్షిణాది కంచు విగ్రహం ఒకటి, టిప్పు సుల్తాన్‌వని చెప్పే దంతపు కుర్చీలు.

3. పొద్దున పదింటికల్లా గేటు దగ్గర ఉండండి

సాలార్‌జంగ్ మూసీకి దక్షిణం ఒడ్డున దారుల్‌షిఫాలో ఉంది. ఎంజీబీఎస్ బస్టాండ్‌కి, అదే పేరున్న మెట్రో స్టేషన్‌కి దగ్గర.

ఆంధ్ర వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్ళు ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కితే సరి. సికింద్రాబాద్‌లో రైలు దిగితే సికింద్రాబాద్ వెస్ట్ మెట్రో స్టేషన్‌లో గ్రీన్ లైన్ ఎక్కండి, నేరుగా ఎంజీబీఎస్‌లో దింపుతుంది. కాచిగూడలో దిగినవాళ్ళకు ఆటోనే సుఖం. నాంపల్లిలో దిగితే రెడ్ లైన్‌లో నాంపల్లి నుంచి మూడో స్టేషన్ ఎంజీబీఎస్.

మెట్రో నుంచి నడవొచ్చు కూడా. కానీ పొద్దున్నే కాళ్ళను అక్కడ ఖర్చు పెట్టకండి. ఆటో ఎక్కే ముందు రేటు మాట్లాడుకోండి, లేదా యాప్‌లో బుక్ చేసుకోండి. "మ్యూజియం ఈరోజు లేదు సార్, ముత్యాల షాపు చూపిస్తా" అనే ఆటో మనిషి తగిలితే నవ్వి దిగిపోండి. నాకు తగిలాడు. ఆ రోజు బుధవారం, మ్యూజియం చక్కగా తెరిచే ఉంది.

4. టికెట్, సంచులు, ఫోన్

పెద్ద సంచులు క్లోక్‌రూమ్‌లో ఇవ్వాలి. డబ్బు, ఫోను, మందులు మాత్రం చేతిలో ఉంచుకోండి. ఫోన్‌తో ఫొటోలు తీయాలంటే విడిగా రుసుము ఉంటుంది, టికెట్ కొనేటప్పుడే అడిగేయండి. ఫ్లాష్ వేయకూడదు. సెల్ఫీ స్టిక్ తెచ్చుకోకపోవడమే మేలు.

నడవలేని పెద్దవాళ్ళు వెంట ఉంటే చక్రాల కుర్చీ గురించి కౌంటర్ దగ్గరే అడగండి. "నాకేం కాదు, నడుస్తాను" అని మొదట అంటారు. రెండో గంటకు నడుం పట్టేస్తుంది, అప్పుడు వెనక్కి రావడం కష్టం.

5. మొదటి గంట: రెబెక్కా, ఆ తర్వాత గడియారం

మ్యూజియంలో మూడు భవనాలున్నాయి. మధ్యది ఎక్కువగా మన దేశపు వస్తువులది, పడమటిది యూరప్‌ది, తూర్పుది చైనా, జపాన్‌ల వైపుది. లోపలికి అడుగు పెట్టగానే మొదటి గ్యాలరీలో చేరి ఒక్కో బోర్డు చదవడం మొదలుపెట్టకండి. అది వల. జనం అంతా అక్కడే ఆగిపోతారు కాబట్టి మీరు నేరుగా రెబెక్కా దగ్గరికి వెళ్ళండి. దారి తెలియకపోతే కాపలా మనిషిని అడగండి, రోజుకి వంద మందికి చూపిస్తారు. గ్యాలరీలు అప్పుడప్పుడూ సర్దుతుంటారు కాబట్టి నంబర్లు నేను రాయడం లేదు.

ముసుగు రెబెక్కా ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన తెల్ల పాలరాతి బొమ్మ. 1876లో నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ రోమ్ వెళ్ళినప్పుడు కొన్నారు. బైబిల్ కథలో కాబోయే భర్తను చూడగానే ముసుగు వేసుకున్న అమ్మాయి ఈమె. బెంజోనీ శిల్పశాలలో ఈ బొమ్మను ఒకటికన్నా ఎక్కువే చేశారు, వేరే దేశాల్లోనూ ఉన్నాయి. "ప్రపంచంలో ఒకే ఒక్కటి" అని ఎవరైనా చెప్తే తల ఊపి ఊరుకోండి.

చూడటం ఇలా. ముందు ఎదురుగా ఒక నిమిషం నిలబడండి. తర్వాత పక్కకు జరిగి ముక్కు, పెదవుల దగ్గర చూడండి. ముసుగు ముఖానికి ఆనిన చోట ఒకలా, విడిగా వేలాడిన చోట ఇంకోలా కనిపిస్తుంది. లోపల ముఖం, పైన గుడ్డ అని మన కన్ను రెండుగా విడదీస్తుంది గానీ ఉన్నది ఒకే రాయి. గుడ్డ అంచు వెతికి, అక్కడి నుంచి కంటితో పైకి వెళ్ళండి. రాయి ఎక్కడ పలచబడింది, ఎక్కడ లోతుగా తొలిచారు అన్నది అప్పుడు తెలుస్తుంది. పక్కవాళ్ళు ఫొటో తీసుకుని ఇరవై సెకన్లలో వెళ్ళిపోతుంటారు. మీరు ఐదు నిమిషాలుండండి.

పదకొండుకి పది నిమిషాల ముందు సంగీత గడియారం దగ్గరికి చేరండి. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీది అది. గంట కొట్టే వేళకు మూడు నిమిషాల ముందు ఒక చిన్న గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, వేళ అయ్యాక ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి వెళ్తుంది. అందరూ పన్నెండింటికే ఎగబడతారు, పన్నెండు దెబ్బలు వినొచ్చని. పదకొండింటికి ఒక దెబ్బే తక్కువ, జనం మాత్రం బాగా తక్కువ. నా ఓటు పదకొండుకే. గంటలు కొట్టే బొమ్మనే చూస్తూ ఉండిపోకండి, సెకను సెకనుకూ సుత్తి వేస్తుండే కమ్మరి బొమ్మ ఇంకొకటుంది. పిల్లలకు ముందే చెప్పి వెతకమనండి.

6. చెక్కబొమ్మ: అద్దంలో చూడండి

ఇదొక చిన్న మెట్టు. ఒకే మొద్దులో ముందు వైపు మెఫిస్టాఫిలిస్ అనే దయ్యం, వెనక వైపు మార్గరెట్టా అనే అమాయకపు అమ్మాయి. ఇద్దరూ ఒక జర్మన్ కథలోని పాత్రలు. వెనక అద్దం ఉంటుంది. చాలామంది దయ్యాన్ని చూసి, అద్దంలోకి ఒకసారి తొంగి చూసి వెళ్ళిపోతారు. మీరు ఒక పని చేయండి. పక్కన నిలబడి, రెండు బొమ్మలూ ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. వాడి నిలువెత్తు పొగరు, ఆమె దించుకున్న తల ఒకే మొద్దు మందంలో ఎలా ఇమిడాయో ఆ పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది.

7. మన వైపు వస్తువులకు గంటన్నర ఇవ్వండి

ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. యూరప్ బొమ్మలు చూసి మురిసిపోయి, మన పక్క ఊళ్ళలో చేసిన వస్తువులున్న గదులు దాటేసి వెళ్ళిపోతారు జనం. నిజానికి తెలుగువాళ్ళకు, దక్కన్ వాళ్ళకు ఈ మ్యూజియంలో అసలు సంగతి ఇక్కడే ఉంది.

బిద్రీ పని ముందు చూడండి. హుక్కా కుండలు, పాన్‌దాన్లు, పళ్ళాలు. నల్లటి ఒంటి మీద వెండి పువ్వులు. నలుపు రంగు పూసింది కాదు. జింక్‌లో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు, దాని మీద నగిషీ తొలిచి, ఆ గాడిలో వెండి తీగనో రేకునో కొట్టి కూరుస్తారు. చివర్లో బీదర్ (ఇప్పటి కర్ణాటకలోది) కోట మట్టిని నవాసారం అనే ఉప్పుతో కలిపిన ద్రావణంలో వేడి చేస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం వెండిలానే ఉండిపోతుంది. ఇప్పుడు అద్దం దగ్గరికి వెళ్ళి, తీగ కూర్చిన చోట ఒకటి, రేకు కూర్చిన చోట ఒకటి వెతకండి. తీగ అయితే సన్నటి లత, రేకు అయితే వెడల్పాటి ఆకు. ఒకసారి పట్టుకున్నారంటే ఆ తర్వాత చార్మినార్ దగ్గర కొట్లో అమ్మే బిద్రీ ఉంగరం కూడా వేరే కళ్ళతో చూస్తారు. బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే.

తర్వాత కలంకారీ. మచిలీపట్నం, శ్రీకాళహస్తి పేర్లు మనకు చీరల షాపులో తెలుసు. ఇక్కడున్న పాత గుడ్డల మీద గీత చూడండి. ఎరుపు ఎక్కడ ఆగింది, నలుపు గీత ఎక్కడ దాన్ని కట్టేసింది అన్నది గమనించండి. శ్రీకాళహస్తి పనిలో గీత కలంతో గీసింది, చేతి వణుకు కూడా తెలుస్తుంది. మచిలీపట్నం పనిలో అచ్చు దిమ్మ వేస్తారు, అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు పట్టుకోవచ్చు.

చిన్న చిత్రాల దగ్గర తప్పు ఏం చేస్తామంటే, గోడకు దూరంగా నడుస్తూ పోతాం. అవి గోడ కోసం వేసినవి కావు, చేతిలో పట్టుకుని చూసే కాగితాలు. కాబట్టి ఒక్క చిత్రం ఎంచుకుని, అద్దానికి జానెడు దూరంలో నిలబడి చూడండి. దక్కనీ చిత్రాల్లో బంగారం వాడిన చోట తల కాస్త అటూ ఇటూ కదిపితే మెరుస్తుంది. గాజు మీద లైటు పడి ఏమీ కనిపించకపోతే పక్కకు జరగండి, చేయి అడ్డం పెట్టుకోండి, అద్దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఇన్ని వస్తువులు ఎవరు పోగేశారు అనే ప్రశ్న పిల్లలు తప్పకుండా వేస్తారు. క్లుప్తంగా చెప్పండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912 నుంచి 1914 దాకా నిజాం దగ్గర దివాన్‌గా చేసి, ఆ తర్వాత బతుకంతా వస్తువులు సేకరించడానికే పెట్టారు. పెళ్ళి చేసుకోలేదు. 1949లో పోయారు. 1951 డిసెంబర్ 16న ఆయన ఇల్లు దీవాన్ దేవ్డీలో నెహ్రూ ఈ మ్యూజియం తెరిచారు. ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది. అంతే, చాలు. అంతకుమించి చెప్తే వాళ్ళు గడియారం దగ్గరికి పారిపోతారు.

8. భోజనం ఒంటిగంటన్నర దాటనివ్వద్దు

ఆకలేస్తే బొమ్మలన్నీ ఒకేలా కనిపిస్తాయి. బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావాలనుకుంటే అదే టికెట్ మీద రానిస్తారో లేదో గేటు దగ్గర ముందే అడగండి. అసలు చీటీలోని పదీ పూర్తి చేసుకుని ఒక్కసారే బయటపడటం తేలిక. బిర్యానీ కావాలంటే మదీనా సర్కిల్ దగ్గర షాదాబ్‌కి వెళ్ళొచ్చు. ఒక హెచ్చరిక మాత్రం: నిండా బిర్యానీ తిన్నాక రెండో మ్యూజియం చూడగలిగిన మొనగాణ్ణి నేనింతవరకు చూడలేదు. నలుగురికి రెండు ప్లేట్లు చెప్పండి. శాకాహారులు పొద్దున కట్టుకున్న పులిహోరను నమ్ముకోవచ్చు.

9. మధ్యాహ్నం ఒకటే, మూడింటిలోపు లోపల ఉండాలి

మూడు దారుల్లో ఒకటి ఎంచుకోండి. రెండు కుదరవు.

దారి అ: పురానీ హవేలీ, నిజాం మ్యూజియం. సాలార్‌జంగ్ నుంచి ఆటోలో దగ్గర. చిన్నది, గంటలో అయిపోతుంది. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు ఇక్కడున్నాయి. అన్నిటికన్నా చూడాల్సింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా. భవనంలో ఒక వైపు పొడుగునా రెండంతస్తుల్లో ఉంటుంది, పైకెక్కడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. ఆయన వేసిన జత మళ్ళీ వేసేవాడు కాదంటారు. 2018 సెప్టెంబర్‌లో ఇక్కడి బంగారు టిఫిన్ డబ్బా, కప్పు దొంగతనం జరిగి, కొద్ది రోజుల్లోనే పోలీసులు వాటిని పట్టుకున్నారు. పెద్దవాళ్ళతో వచ్చినవాళ్ళకు నేను చెప్పేది ఈ దారే.

దారి ఆ: చౌమహల్లా ప్యాలెస్. చార్మినార్ దగ్గర, ఖిల్వత్‌లో. ఇది మ్యూజియం కన్నా ప్యాలెస్. దర్బారు హాల్లో 19 బెల్జియం గాజు షాండ్లియర్లు, బయట పాత కార్లు, ఏడో నిజాం తండ్రి కాలంలో ఆర్డరిచ్చిన పసుపు రోల్స్‌రాయిస్. ఆరుబయట జాగా ఎక్కువ కాబట్టి పొద్దుటి నుంచి "ముట్టుకోకు, అరవకు" అని తిట్లు తిన్న పిల్లలకు ఇది విడుదల. ఎండాకాలం అయితే ఆ ఆరుబయటే మిమ్మల్ని మాడ్చేస్తుంది. ఏప్రిల్, మేలో దారి అ మేలు.

దారి ఇ: పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం. పాత శిల్పాలు, నాణేలు, బౌద్ధం ఇష్టమైనవాళ్ళకు. ఎంజీబీఎస్‌లో రెడ్ లైన్ మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ అసెంబ్లీ, అక్కడి నుంచి దగ్గర. పిల్లలు మమ్మీ కోసం వెళ్తారు, ఈజిప్టు నుంచి వచ్చిన నైషు. 2016లో దానికి సీటీ స్కాన్ తీశారు. మీరు మాత్రం అజంతా చిత్రాల నకళ్ళ ముందు ఆగండి. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలోనిది, అందుకే ఆ నకళ్ళు ఇక్కడున్నాయి. రాత్రి రైలు నాంపల్లిలో ఉంటే ఈ దారి ఇంకా కలిసొస్తుంది, స్టేషన్ పక్కనే.

10. సాయంత్రం

నాలుగున్నరకు బయటపడండి. దారి అ, ఆ పట్టినవాళ్ళు చార్మినార్ పక్కన నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకోండి. కూర్చునే జాగా దొరికితే అదృష్టం. రైలు, బస్సు ఏడింటికన్నా ముందు పెట్టుకోకండి. పాతబస్తీ ట్రాఫిక్‌లో అరగంట దారి గంటన్నర అవుతుంది, ఆ టెన్షన్‌లో పొద్దుటి నుంచి చూసిందంతా పోతుంది.

ఎక్కువగా చేసే తప్పులు

ముందు ఫొటో, తర్వాత చూపు. దీన్ని తిరగేయండి. ఒక నిమిషం చూశాకే ఫోన్ తీయాలని ఇంట్లోవాళ్ళందరూ ఒప్పందం చేసుకోండి. ఫొటో తీశాక పక్కనే ఉన్న బోర్డు ఫొటో కూడా తీయండి. లేకపోతే ఇంటికెళ్ళాక "ఈ కుండ ఎక్కడిది?" అని తలలు పట్టుకుంటారు.

గైడ్ చెప్పేదంతా నిజమనుకోవడం ఇంకోటి. "ఇది ఫలానా చక్రవర్తి కత్తి, కోటి రూపాయలు" అంటారు. వెల అడిగే అలవాటు మనకూ ఉంది కాబట్టి వాళ్ళూ చెప్తారు. బోర్డు మీద ఉన్నది ముందు చదవండి, తర్వాత కథ వినండి. కథలు బాగానే ఉంటాయి.

గుంపుగా తిరగడం. పది మంది వస్తే ముగ్గురు నలుగురుగా విడిపోయి, గంటకోసారి గడియారం దగ్గర కలుసుకోండి. గంట కొట్టేది ఎలాగూ అక్కడే.

పిల్లలతో మూడు గంటలకన్నా ఎక్కువ లాగడం. ఏడేళ్ళలోపు పిల్లలుంటే పది వస్తువుల చీటీ ఐదుకు తగ్గించి, మధ్యాహ్నం మ్యూజియం మానేయండి. మా అన్నయ్య కొడుకు మొదటిసారి గడియారం ముందు గంటకు పైగా కూర్చున్నాడు, పదకొండు గంటలు విని, పన్నెండు కూడా విని లేచాడు. మిగతా భవనం వాడికి అక్కర్లేదు. లాక్కెళ్ళిన రెండోసారి ఏడుపే మిగిలింది.

సరిగ్గా చూశారో లేదో తెలుసుకోవడం

రైలెక్కాక ఫోన్లు పక్కన పెట్టి, ఒక్కొక్కళ్ళూ మూడు వస్తువుల పేర్లు చెప్పాలి. పేరు చెప్తే సరిపోదు, ఆ వస్తువులో ఒక చిన్న సంగతి చెప్పాలి: బిద్రీ కుండ మీద ఏ పువ్వుంది, రెబెక్కా ముసుగు ఎక్కడ ముఖానికి ఆనింది, కమ్మరి బొమ్మ చేతిలో ఏముంది. నలుగురిలో ముగ్గురు చెప్పగలిగితే రోజు బాగా గడిచినట్టే. ఎవరికీ గుర్తు రాకపోతే చీటీ మరీ పెద్దదైపోయింది, వచ్చేసారి ఆరు వస్తువులకు తగ్గించండి.

ఇంకో పరీక్ష కాళ్ళది. సాయంత్రానికి నొప్పి ఉండొచ్చు గానీ పొక్కులు లేచాయంటే చెప్పులు తప్పు, లేదా మూడో మ్యూజియంకు ఆశపడ్డారు.

చీటీలో మిగిలిపోయినవి కొట్టేయకండి, దాచండి. వచ్చేసారి అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. ఈసారి చిన్న చిత్రాలు, పాత గుడ్డలు బాగా నచ్చినవాళ్ళు దోమలగూడ గగన్ మహల్ రోడ్డులోని జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియం పేరు ఆ చీటీ వెనక రాసుకోండి. ఊరికే తలుపు తట్టే చోటు కాదు, ముందు ఫోన్ చేసి వేళ అడిగి వెళ్ళాలి.